కంటి, చెవి చార్టు మీద ఏ పేర్లు వేయాలి? పుస్తకం మాటా, జనం మాటా?

సాగరతీరం (ప్రశ్న):

విశాఖలో వచ్చే నెల కంటి, చెవి పరీక్షల శిబిరం ఒకటి ఉంది. దానికోసం రెండు ఫ్లెక్సీలు తయారవుతున్నాయి, ఒక్కోటి 3 అడుగులు బై 4 అడుగులు. ఒకదానిలో కంటి నిలువుకోత, రెండోదానిలో చెవి నిలువుకోత. వచ్చేవాళ్లలో భీమిలి వైపు మత్స్యకార పల్లెల పెద్దవాళ్లు, గాజువాక వైపు ఫ్యాక్టరీ పనివాళ్లు ఎక్కువ. డాక్టరు దగ్గరికి పంపే ముందు వాలంటీర్లు బొమ్మ మీద వేలుపెట్టి "మీ ఇబ్బంది ఇక్కడ" అని చెప్పగలగాలి.

చిక్కల్లా పేర్ల దగ్గరే. 'కంటిపాప' అంటే ఒక పుస్తకంలో నడిమి రంధ్రం, ఇంకో పుస్తకంలో దాని చుట్టూ ఉన్న రంగు పొర. కార్నియాని 'శుక్లపటలం' అన్నారు. మరి ఆపరేషన్ 'శుక్లానికి' చేస్తారు కదా, రెండూ ఒకటేనా? చెవి ఎముకలకి కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని ఉంది, వాలంటీర్లకే నోరు తిరగడం లేదు. వీటికి తోడు మందుల చీటీల మీద ఉండే ఓడీ, ఓఎస్ గుర్తులు కూడా ఒక మూల వేయమంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి. ఒక్కో బొమ్మకి పన్నెండు పేర్లకి మించి పట్టవు.

కళ్లజోడు:

ముందు శుక్లం సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే. రెండూ ఒకటి కాదు. కార్నియా అంటే కంటికి అన్నిటికన్నా ముందు, వాచీ మీది అద్దంలా ఉండే పొర. అడ్డంగా సుమారు 12 మిల్లీమీటర్లు, నడిమధ్య మందం అర మిల్లీమీటరు. దానిలో రక్తనాళాలు ఉండవు, అందుకే అంత తేటగా ఉంటుంది. శుక్లం అసలు కంటి భాగమే కాదు, జబ్బు పేరు. కార్నియా వెనక ఇంచుమించు 3 మిల్లీమీటర్ల లోతున్న నీటి గది ఉంటుంది, దాని వెనక లెన్సు. ఆ లెన్సు మసకబారితే శుక్లం.

'శుక్ల' అంటే తెలుపు. ఆయుర్వేదంలో కంటి తెల్లభాగం శుక్లమండలం, నల్లభాగం కృష్ణమండలం, నడిమిది దృష్టిమండలం. అంటే అక్కడ శుక్లం తెల్లగుడ్డు. బడి పుస్తకంలో శుక్లపటలం అద్దంలాంటి కార్నియా. జనం నోట్లో శుక్లం లెన్సు మీది తెలుపు. ఒకే మాట మూడు చోట్ల కూర్చుంది. చార్టు మీద శుక్లపటలం వేస్తే ప్రతి ముసలమ్మా దాన్నే చూపించి "ఇదేనా తీసేది" అని అడుగుతుంది. 'కార్నియా' అనే వేయండి, కింద చిన్న అక్షరాల్లో 'నల్లగుడ్డు మీది అద్దంపొర' అని రాయండి. నిజానికి ఆ పొరకి ఏ రంగూ లేదు, వెనకున్న రంగు పొర (ఐరిస్) నలుపే అందులోంచి కనబడుతుంది. అయినా 'నల్లగుడ్డు మీద పుండు' అంటే అందరికీ అర్థమవుతుంది, 'శుక్లపటల వ్రణం' అంటే కాదు.

పేరు తప్పితే ఏమవుతుందో చూడండి. కార్నియా మీద పుండు మానాక మిగిలే తెల్లమచ్చని మనవాళ్లు 'పువ్వు వేసింది' అంటారు. అదీ తెలుపే, శుక్లమూ తెలుపే. పువ్వున్న మనిషిని శుక్లం వరుసలో కూర్చోబెడితే సగం రోజు పోతుంది, ఎందుకంటే లెన్సు మార్చినంత మాత్రాన పువ్వు పోదు. టార్చి పక్కనుంచి వేసి చూస్తే తేడా తెలుస్తుంది: పువ్వు పైపొర మీదే మచ్చలా ఉంటుంది, శుక్లం పాప రంధ్రంలోంచి లోపలెక్కడో తెల్లగానో బూడిదరంగుగానో కనిపిస్తుంది. నేత్రదానంలో ఇంకొకరికి అతికించేది కూడా ఈ కార్నియానే, కన్ను మొత్తం కాదు. చనిపోయిన 6 గంటల్లోపు సేకరించాలి.

కంటిపాప విషయంలో జనం వాడుకే సరైనది: పాప అంటే నడిమి రంధ్రం. ఎదుటి మనిషి కంట్లోకి దగ్గరగా చూస్తే మన బొమ్మే చిన్న పాపలా కనిపిస్తుంది, ఆ పేరు అందుకే. లాటిన్‌లో ప్యూపిల్లా అన్నా చిన్నపిల్ల, బొమ్మ అనే. సంస్కృతం కనీనికలోనూ కన్యే ఉంది. ఇంతమంది ఒకే చోటికి వచ్చాక మనం రంగు పొరకి ఆ పేరు పెట్టడం ఎందుకు? రంగు పొరకి 'ఐరిస్' చాలు. మంచి వెలుతురులో పాప 2 మిల్లీమీటర్లకి ముడుచుకుంటుంది, చీకట్లో 8 దాకా తెరుచుకుంటుంది. 'పాప పెద్దది చేసే చుక్కలు' అని వాలంటీర్లు చెబితే వెంటనే అర్థమవుతుంది. చుక్కలు పనిచేయడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, బండి నడపొద్దని ముందే చెప్పండి.

ఇంకో రెండు మాటలు జాగ్రత్త. 'నీటికాసులు' అంటే గ్లాకోమా. కంటి లోపలి ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది, అది పెరిగి వెనకున్న కంటి నరాన్ని నొక్కేస్తుంది. చాలామందికి నొప్పి ఉండదు, చూపు అంచుల నుంచి పోతుంది. పేరులో నీరు ఉండేసరికి, కళ్లవెంట నీరు కారేవాళ్లంతా "నాకు నీటికాసులు" అంటారు. నీరు కారడం చాలాసార్లు కన్నీటి సంచి దారి మూసుకుపోవడం వల్ల, ముక్కు పక్క మూల నొక్కితే పుసి బయటికి వస్తుంది. రెండింటికీ సంబంధం లేదు. బొమ్మలో కన్నీటి సంచి, కంటి నరం రెండూ ఉండాలి, లేకపోతే ఈ తేడా చూపించలేరు.

రెండోది 'దూరదృష్టి'. పుస్తకంలో అది దగ్గరివి కనిపించని లోపం, బయట అది మెచ్చుకోలు. రెండర్థాల మాట ఫ్లెక్సీ మీద వద్దు. "దూరపు చూపు ఆనడం లేదు", "దగ్గర చూపు ఆనడం లేదు" అని అడగండి, జవాబు సూటిగా వస్తుంది. నలభై దాటాక వచ్చేదానికి 'చత్వారం' అనే మాట అందరికీ తెలుసు, దాన్ని ఉంచుకోండి.

చెవిపోగు:

కంటివి ఆయన చెప్పేశారు. చెవికి వస్తే అసలు చిక్కు చెవి పేర్లలో లేదు, ఒక కంటి మాటలో ఉంది: 'కళ్లు తిరుగుతున్నాయి'. ఇంగ్లీషులో దీనికి కంటితో పేచీ లేదు, తెలుగులో కన్నే తిరుగుతుంది. ఆ మాట వినగానే వాలంటీరు కంటి వరుసలోకి పంపేస్తాడు. మన ఊళ్లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి వేరు, ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి వేరు. తప్పు చీటీ రాస్తే ఆ మనిషికి ఒక పనిరోజు పోయినట్టే.

అందుకని ఆ మాట వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. గదీ మంచమూ గిర్రున తిరిగినట్టుందా? మంచం మీద పక్కకి దొర్లినప్పుడు మొదలై నిమిషంలోపే ఆగిపోతోందా? అయితే లోపలి చెవి. అక్కడి చిన్న సున్నపు కణికలు చోటు తప్పి అర్ధవర్తుల కుల్యల్లోకి (ఒంటి తూకం చూసే వంపు గొట్టాల్లోకి) జారితే అలా అవుతుంది. లేవగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయా? అది బీపీయో, రక్తం తక్కువో, మందుల ప్రభావమో, ముందు ఫిజీషియన్. తిరగడం లేదుగానీ నడుస్తుంటే తూలుతున్నాడా? అదింకో దారి. మాట తడబడినా, మూతి వంకరపోయినా, చెయ్యో కాలో లాగేసినా వరుసలేవీ వద్దు, నేరుగా అత్యవసర విభాగానికి పంపాలి. ఉత్తరాంధ్రలో "బుర్ర తిరుగుతంది" అని కూడా అంటారు, అది ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు, అడిగి తెలుసుకోవాల్సిందే.

తర్వాత 'గూబ'. "గూబలో పోటు" అంటే కొందరికి చెవి రంధ్రం లోపల, కొందరికి చెవి వెనక ఎముక దగ్గర, కొందరికి కణత పక్క. గూబ పగలగొడతా అనే తిట్టులో మాత్రం అది కర్ణభేరే. ఫ్లెక్సీ మీద గూబ వేయకండి, "వేలుపెట్టి చూపించండి" అనండి. చెవి డొప్పని కదిపితే నొప్పి ఎక్కువైతే ఇబ్బంది ఎక్కువగా బయటి చెవి దారిలోనే. చెవి వెనక ఎముక నొక్కితే నొప్పి, వాపు, జ్వరం ఉంటే ఆ రోజే ఈఎన్‌టీకి పంపాలి.

ఇక బొమ్మ మీద వేయాల్సినవి. చెవి డొప్ప, చెవి తమ్మె, చెవి దారి. దారి పెద్దవాళ్లలో సుమారు రెండున్నర సెంటీమీటర్లు, సూటిగా ఉండదు, కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపుని బొమ్మలో తప్పకుండా వేయించండి, సూటి గొట్టంలా గీస్తే పుల్ల పెట్టుకోవడానికి దారి చూపించినట్టే. గుబిలి, కొందరు గులిమి అంటారు, దారిలో బయటి మూడోవంతులోనే పుడుతుంది. ఇయర్‌బడ్ పెట్టినవాళ్ల చెవిలో అది లోపలి కొసన గట్టిపడి కనిపించడానికి కారణం అదే: పుట్టింది బయట, నెట్టింది లోపలికి.

కర్ణభేరికి ఆ పేరే ఉంచండి, బంగారంలాంటి మాట. వెడల్పు ఒక సెంటీమీటరుకి కాస్త తక్కువ, మందం మిల్లీమీటరులో పదో వంతు. దాని వెనక మూడు ఎముకలు. సుత్తి, దాగలి, అంకవన్నె అనండి. ఆఖరిది గుర్రపు స్వారీలో కాలు పెట్టే లోహపు కట్టు ఆకారంలో ఉంటుంది, మొత్తం 3 మిల్లీమీటర్లు, ఒంట్లోకెల్లా చిన్న ఎముక. పెద్ద భేరి మీద పడ్డ మోతని లోపలి చెవి గుమ్మంలోని చిన్న కిటికీ మీదికి నొక్కి పంపడం వీటి పని. అక్కడికొచ్చేసరికి ఒత్తిడి ఇరవై రెట్లకి పైగా పెరుగుతుంది, లేకపోతే గాలిలోని శబ్దం లోపలి చెవి నీటిలోకి దిగదు.

కర్ణావర్తం (లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే చుట్ల గొట్టం) దగ్గర కింద 'నత్తగుల్ల' అని వేయండి. బీచ్ రోడ్డులో గవ్వలు చూసిన ఎవరికైనా చాలు, రెండున్నర చుట్లు. లాటిన్‌లో కోక్లియా అన్నా నత్తే. యూస్టేషియన్ నాళానికి 'చెవి నుంచి ముక్కు వెనక్కి గొట్టం'. దాన్ని వివరించడానికి మన దగ్గర మంచి ఉదాహరణ ఉంది: అరకు ఘాట్ ఎక్కుతుంటే చెవులు దిబ్బడ వేస్తాయి, గుటక వేస్తే టప్పున తెరుచుకుంటాయి. తెరుచుకున్నది ఆ గొట్టమే. పసిపిల్లల్లో అది పొట్టిగా, ఇంచుమించు అడ్డంగా ఉంటుంది, అందుకే జలుబు చేసిన పిల్లలకి చెవి పోటు.

'నరం చెవుడు' అనే మాట కూడా వస్తుంది. ఫ్యాక్టరీ పనివాళ్లలో నిజానికి మొదట పాడయ్యేది నరం కాదు, నత్తగుల్ల లోపలి సన్నని రోమకణాలు. అవి పోతే తిరిగి మొలవవు. ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష గీతలో) 4000 హెర్ట్జ్ దగ్గర గొయ్యిలా దిగుతుంది, అప్పటికి మామూలు మాటలు బాగానే వినిపిస్తుంటాయి కాబట్టి ఎవరూ రారు. చెవిలో హోరు ఉందా, గుంపులో మాట కలిసిపోతోందా అని అడగండి. 'చెవుడు ఉందా' అంటే లేదనే అంటారు.

పలకబలపం:

చిన్న అభ్యంతరం. అన్నిటికీ కార్నియా, రెటీనా, ఐరిస్ అని వేసుకుంటూపోతే తెలుగు చార్టు ఎందుకు? నేత్రపటలం (రెటీనా), దృఢస్తరం (తెల్లగుడ్డు), రక్తపటలం (ఆ రెంటి మధ్య రక్తనాళాల పొర) పిల్లలు బడిలో నేర్చుకుంటున్న మాటలే, శిబిరానికి తాతతో వచ్చే మనవరాలే చదివి చెబుతుంది. 'దాగలి' సంస్కృతం కూడా కాదు, కమ్మరి కొలిమిలో ఎర్రటి ఇనుము పెట్టి కొట్టే దిమ్మ. నోరు తిరగదని దాన్ని పుస్తకం మాటల్లో కలిపేయడం అన్యాయం.

కళ్లజోడు:

దాగలి ఒప్పుకుంటాను మాస్టారూ, నేత్రపటలం కూడా. దానికి ఒకే అర్థం ఉంది, ఇంకోదానితో కలవదు. నా గొడవ బడి మాటలతో కాదు, రెండర్థాల మాటలతో. 'రెటీనా' పక్కన 'నేత్రపటలం' వేసి, 'వెనక తెర' అని వాలంటీరు నోటితో చెబితే సరి. షుగరున్నవాళ్లకి "తెర మీద రక్తం చిమ్ముతుంది" అంటే భయపడతారు గానీ ఏడాదికోసారి పరీక్షకి వస్తారు. దృఢస్తరం బదులు తెల్లగుడ్డు చాలు. రక్తపటలం శిబిరంలో ఎవరూ అడగరు, వదిలేయండి.

మందులచీటీ:

ఓడీ సంగతి నేను చెబుతాను. కంటి చీటీలో ఓడీ అంటే కుడి కన్ను, ఓఎస్ ఎడమ కన్ను, ఓయూ రెండు కళ్లు. చెవికి ఏడీ కుడి, ఏఎస్ ఎడమ, ఏయూ రెండూ. అన్నీ లాటిన్ పొడి అక్షరాలు. ఇక్కడే గుంట ఉంది: మామూలు మందుల చీటీలో ఓడీ అంటే రోజుకొకసారి. చుక్కల మందు పక్కన ఓడీ ఉంటే కుడి కంట్లోనా, రోజుకొకసారా? చేతిరాతలో ఏ, ఓ కలిసిపోతే చెవి మందు కంట్లోకి పోతుంది. అందుకే ఆ గుర్తులు ఫ్లెక్సీ మీద వేయొద్దు. జనం వాటిని నేర్చుకోవాల్సిన అవసరం లేదు. శిబిరం చీటీ మీద 'కుడి కన్ను', 'ఎడమ చెవి', 'రోజుకి 4 సార్లు' అని పూర్తిగా తెలుగులో రాయించండి.

సీసాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చెవి చుక్కలు ఎట్టి పరిస్థితుల్లోనూ కంట్లో వేయకూడదు. కంటి మందు సూక్ష్మజీవులు లేకుండా, కన్నీటికి తగ్గట్టు చేస్తారు, చెవి మందుకి ఆ కట్టడి లేదు. పొరపాటున పడితే వెంటనే శుభ్రమైన నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి, సీసా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి.

కంట్లో ఒక్క చుక్కే. చుక్క సుమారు 50 మైక్రోలీటర్లు, కింది రెప్ప సంచిలో పట్టేది 30. రెండో చుక్క బుగ్గ మీదికే. కింది రెప్ప లాగి, సీసా మూతి వెంట్రుకలకి తగలకుండా వేసి, కళ్లు మూసుకుని ముక్కు పక్క మూలని ఒకటి రెండు నిమిషాలు నొక్కాలి. నొక్కకపోతే మందు గొంతులోకి జారి చేదుగా తగులుతుంది, నీటికాసుల చుక్కల్లో కొన్ని గుండె మీద, ఊపిరి మీద కూడా పనిచేస్తాయి. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో 5 నిమిషాలు ఆగాలి. మూత తీసిన తేదీ సీసా మీద రాసుకుని నెల దాటితే పారేయాలి.

చెవి చుక్కల సీసాని ముందు రెండు మూడు నిమిషాలు గుప్పిట్లో పట్టుకోవాలి. చల్లటి చుక్క పడితే, పైన చెప్పారే, ఆ కళ్లు తిరగడం నిజంగానే మొదలవుతుంది. పెద్దవాళ్లకి డొప్పని పైకీ వెనక్కీ లాగాలి, మూడేళ్ల లోపు పిల్లలకి కిందికీ వెనక్కీ. వేసాక 5 నిమిషాలు అదే పక్కన పడుకోవాలి. చీము కారుతుంటే గుబిలి కరిగించే చుక్కలు వేయకూడదు, కర్ణభేరికి చిల్లు ఉండొచ్చు. వెల్లుల్లి కాచిన నూనె అయితే అసలు వద్దు. మన తీరంలో ఉక్కపోతకి చెవిలో బూజు పట్టడం మామూలే, నూనె పోస్తే దానికి ఇంకా తేమ.

సాగరతీరం:

అందరికీ ధన్యవాదాలండీ. కంటికి అనుకున్నవి: కనురెప్ప, తెల్లగుడ్డు, కార్నియా, ఐరిస్, కంటిపాప, లెన్సు, నీటి గది, రెటీనా, కంటి నరం, కన్నీటి గ్రంథి, కన్నీటి సంచి. పదకొండు. చెవికి: డొప్ప, తమ్మె, చెవి దారి, కర్ణభేరి, సుత్తి, దాగలి, అంకవన్నె, నత్తగుల్ల, అర్ధవర్తుల కుల్యలు, శ్రవణ నాడి, ముక్కు గొట్టం. ఇదీ పదకొండే. శుక్లానికి బాణం గుర్తు పెట్టాలా?

కళ్లజోడు:

బాణం వద్దు, అది భాగం కాదన్నాం కదా. పక్కన చిన్న బొమ్మ రెండు వేయించండి, ఒకదానిలో తేట లెన్సు, ఒకదానిలో తెల్లబడిన లెన్సు, కింద 'శుక్లం'. పన్నెండోది 'పచ్చచుక్క', రెటీనా నడిమధ్య. పెద్దవాళ్లలో "మనిషి మొహం నడుమ మసక, చుట్టూ బాగానే ఉంది" అనేవాళ్లకి అదే చూపించాలి.

కన్నీటి గ్రంథి పైరెప్ప కింద బయటి మూలన, సంచి లోపలి మూలన ముక్కు పక్కన ఉండాలి. నిలువుకోతలో ఈ రెండూ కనబడవు, వాటికి ముందునుంచి చూసిన కన్ను వేరే గీయించాలి. అక్కడ ఎవరి కుడి అనేది రాయండి. ఎదురుగా నిలబడి చూసేవాడికి బొమ్మలోని కుడి కన్ను తన ఎడమచేతి వైపు ఉంటుంది. 'రోగి కుడి కన్ను' అని బొమ్మ కిందే వేయకపోతే వాలంటీరు ఎడమకి చీటీ రాసేస్తాడు.

ప్రింటుకి పంపేముందు ఫైలులో 'ర్ణ', 'క్ల', 'త్ర' ఒకసారి పెద్దది చేసి చూసుకోండి. యూనికోడ్‌లో టైపు చేసింది ఫ్లెక్సీ షాపువాళ్లు యూనికోడ్ కాని పాత 'అను' ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. అక్షరాలని కర్వ్స్ (గీతల బొమ్మలు) చేసి పీడీఎఫ్ ఇస్తే ఆ బాధ లేదు. పేర్ల అక్షరం ఎత్తు అంగుళానికి తగ్గనివ్వకండి, చదవాల్సినవాళ్లు చూపు ఆనకే కదా వస్తున్నారు.